పాచికల బల్ల, నా ఎక్సెల్ షీటు

వేగాస్ వెళ్ళొచ్చిన ప్రతి తెలుగువాడి దగ్గరా ఒక కథ ఉంటుంది, గమనించారా? "మా కొలీగ్ ఒకడు నలభై డాలర్లతో మొదలెట్టి రెండు వేలతో బయటికొచ్చాడు." "మా బావమరిది ఫ్రెండు ట్రిప్పు ఖర్చంతా ఒక్క రాత్రిలో రాబట్టేశాడు." ఇలాంటివే. పోగొట్టుకున్నవాళ్ళ కథలు మాత్రం ఎక్కడా వినపడవు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే "ఆఁ, ఏదో ఓ వంద పోయింది లెండి, సరదాకి" అంటారు. ఆ వంద పక్కన ఇంకా ఎన్ని సున్నాలున్నాయో వాళ్ళ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటుకే తెలియాలి.

ఈ మధ్య ఓ పుట్టినరోజు పార్టీకి వెళ్ళాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇద్దరు కుర్రాళ్ళు ఓ మూల చేరి ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నారు. క్రాప్స్ స్ట్రాటజీ అట. "ఏడు ఒక్కటి పడకపోతే చాలన్నా, ఇంకేది పడినా డబ్బులు మనవే" అన్నాడు అందులో ఒకడు, కళ్ళు మెరుస్తుండగా. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. 2007లో నా రూమ్మేట్ కళ్ళలో అచ్చం అలాంటిదే చూశాను. పైగా అప్పుడు ఆ మెరుపు తెప్పించింది నేనే. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

అప్పట్లో మేం నలుగురం లాస్ ఏంజెలెస్ దగ్గర ఓ అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. అందరం ఎమ్మెస్ అయిపోయి హెచ్1 మీద కొత్తగా ఉద్యోగాల్లో పడ్డవాళ్ళమే. శుక్రవారం సాయంత్రం ఐ-15 ఎక్కితే, ట్రాఫిక్ కరుణిస్తే, అర్ధరాత్రి లోపల వేగాస్. పులిహోర పొట్లం, రెండు డబ్బాల థమ్సప్, ఒక్క మోటెల్ రూములో నలుగురం. ఇదీ మా లెవెలు.

కాసినోలోకి అడుగుపెడితే మిగతా బల్లలన్నీ ఏదో పరీక్ష హాల్లాగా ఉంటాయి. స్లాట్ మెషీన్ల దగ్గర ఎవరి ఏడుపు వాళ్ళది. బ్లాక్‌జాక్ దగ్గర అందరూ మొహాలు ముడుచుకుని లెక్కలేసుకుంటుంటారు. క్రాప్స్ బల్ల దగ్గర మాత్రం పెళ్ళివారి సందడి. పదిహేను మంది చుట్టూ నిలబడి అరుస్తుంటారు. ఒకడు పాచికలు విసురుతుంటే మిగతావాళ్ళందరూ వాడి మీద డబ్బు కాస్తారు. పడితే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా చేతులు కలుపుకుంటారు. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన గుండాట బల్ల చూసినవాళ్ళకి ఆ ఊపు ఏంటో వేరే చెప్పక్కర్లేదు. మావాడు మొదటి రాత్రే ఆ బల్లకి అతుక్కుపోయాడు.

ఇంతకీ ఆట ఏంటంటే, రెండు పాచికలు. మొత్తం 36 రకాలుగా పడొచ్చు. అందులో 7 ఆరు రకాలుగా పడుతుంది, అన్నిటికంటే ఎక్కువ. ఆటంతా ఈ ఏడు చుట్టూనే. మనం పాస్ లైన్ అనే చోట పందెం పెడతాం. విసిరేవాణ్ణి షూటర్ అంటారు. మొదటిసారి విసిరినప్పుడు 7 గానీ 11 గానీ పడితే మనం గెలిచినట్టు. 2, 3, 12 పడితే పోయినట్టు. 4, 5, 6, 8, 9, 10 వీటిలో ఏది పడినా అది 'పాయింట్' అవుతుంది. ఇక అక్కణ్ణుంచి 7 కంటే ముందు ఆ పాయింట్ మళ్ళీ పడితే గెలుపు. 7 ముందొస్తే పందెం పోతుంది, పాచికలు పక్కవాడి చేతికి వెళ్తాయి.

దీని లెక్క కట్టడం ఇంటర్ పిల్లలు కూడా చెయ్యగలరు. సగటున 495 పందేల్లో 244 గెలుస్తాం, 251 ఓడతాం. తేడా ఏడంటే ఏడు! అంటే కాసినోవాడికి మిగిలేది నూటికి 1.41. డోన్ట్ పాస్ అని దీనికి ఎదురు పందెం ఒకటుంది, షూటర్ ఓడిపోతాడని కాయడం. అందులో ఇంకా తక్కువ, 1.36. కాసినోలో దొరికే ఆటల్లో ఇది నిజంగా చవక బేరమే. పది డాలర్ల చొప్పున గంటకి ముప్ఫై పందేలు కాస్తే, సగటున గంటకి నాలుగు డాలర్ల చిల్లర పోతుంది. సినిమా టికెట్ కంటే నయం కదా! నిజమే. నేనూ అదే అన్నాను. చిక్కల్లా ఏంటంటే, ఈ చవకతనం చూసే తెలివైనవాళ్ళు పడిపోతారు. "ఒకటిన్నర శాతం కూడా లేదు, ఆ మాత్రం మన బుర్రతో దాటలేమా" అనుకుంటారు. ఇంజినీర్లం కదా, ఎదురుగా చిన్న గ్యాప్ కనిపిస్తే ఆప్టిమైజ్ చెయ్యకుండా ఉండలేం.

మావాడు మూడో ట్రిప్పుకల్లా ఒక స్ట్రాటజీతో వచ్చాడు. కొత్తదేం కాదు, ఎప్పట్నుంచో ఉన్నదే, మార్టింగేల్. పది డాలర్లు కాయి. పోతే ఇరవై. పోతే నలభై. అలా రెట్టింపు చేసుకుంటూ పో. ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు. గెలిచిన మరుక్షణం పోయిందంతా వెనక్కొచ్చి పైన పది డాలర్లు లాభం. మళ్ళీ పదితో మొదలు. వినడానికి ఎంత బావుందో చూడండి.

"ఒరేయ్, నువ్వు లెక్కల్లో బాగా గట్టివాడివి కదా, ఇది వర్కవుటవుతుందో లేదో చూసిపెట్టరా" అన్నాడు. నేనూ పొంగిపోయి ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఫలితాలు ఎక్సెల్ షీట్లో పెట్టాను. ఆ బల్ల మీద గరిష్ఠ పందెం వెయ్యి డాలర్లు. అంటే 10, 20, 40, 80, 160, 320, 640 వరకూ పోవచ్చు. ఆ తర్వాత 1280 కాయనివ్వరు. వరసగా ఏడు ఓడితే 1270 డాలర్లు హుష్. అలా వరసగా ఏడు ఓడే అవకాశం 116లో ఒకటి. సాయంత్రానికి నాలుగు గంటలు ఆడితే సుమారు 120 పందేలు, అంటే దాదాపు అరవై సార్లు పది దగ్గర మొదలెడతాం. ఈ లెక్కన ఆ ఏడు ఓటముల దెబ్బ తగలకుండా సాయంత్రం గట్టెక్కే అవకాశం 60 శాతం. గట్టెక్కితే జేబులో ఆరొందల దాకా లాభం.

నేను షీటు పైన పెద్దక్షరాలతో, పచ్చరంగులో పెట్టింది ఆ 60 శాతమే.

పదిలో ఆరు సాయంత్రాలు ఆరేసి వందలు! దీంట్లో అబద్ధం ఏమీ లేదు. కానీ అదే షీట్లో కింద ఎక్కడో, ఎవరూ స్క్రోల్ చెయ్యని చోట, ఇంకో అంకె ఉండాలి. సాయంత్రానికి సగటు ఫలితం. అది మైనస్ 61 డాలర్లు. ఏ స్ట్రాటజీ లేకుండా, బుద్ధిగా ప్రతిసారీ పదే కాస్తూ నాలుగు గంటలు నిలబడినవాడికి సగటున పోయేది 17 డాలర్లు. అంటే ఆ "వ్యూహం" పెట్టుకున్నందుకు మావాడు మూడున్నర రెట్లు ఎక్కువ కట్టుకుంటున్నాడన్నమాట. ఎందుకంటే కాసినోవాడి వాటా మనం కాసిన మొత్తం మీద. రెట్టింపులు చేసేకొద్దీ కాసే మొత్తం పెరుగుతుంది, వాడి వాటా కూడా పెరుగుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆ సగటు కాలమ్ పెట్టలేదు. 60 శాతం అన్నది చూడ్డానికి బావుంది, వాడు సంతోషిస్తాడు, నన్ను మేధావి అంటాడు. అంతే కారణం.

నేను చెప్పదల్చుకున్న మొదటి సంగతి ఇదే. పందేల స్ట్రాటజీలు ఏవైనా సరే, నష్టాన్ని తీసెయ్యవు. నష్టం ఆకారం మారుస్తాయి, అంతే. రోజూ కాస్త కాస్త పోయేదాన్ని, ఎక్కువ రోజులు కాస్త కాస్త వచ్చి ఒకరోజు దబ్బున పోయేట్టు సర్దుతాయి. పోయే రోజు దూరంగా ఉంటుంది కాబట్టి, అది రాదని మనకి నమ్మకం కుదురుతుంది.

ఆ కుర్రాళ్ళు చూస్తున్న వీడియో సంగతే తీసుకోండి. దాన్ని ఐరన్ క్రాస్ అంటారు. ఫీల్డ్ అనే పందెం మీద 5 డాలర్లు, 5 అంకె మీద 5, 6 మీద 6, 8 మీద 6. మొత్తం 22. ఇక 7 తప్ప ఏది పడినా ఎంతో కొంత వస్తుంది. 36 రకాల్లో 30 మనవి, 6 మాత్రమే వాడివి. ఆహా! ఇప్పుడు కాగితం తీసుకుని కూడండి. 12 పడితే ఫీల్డ్ పందేనికి మూడింతలు ఇచ్చే ఉదారమైన బల్ల అనే అనుకుందాం. ఆ 30 గెలుపుల్లో వచ్చేది మొత్తం 123 డాలర్లు. ఆరు ఏడుల్లో పోయేది, ఒక్కోసారికి 22 చొప్పున, 132. అంటే ముప్ఫైసార్లు నవ్వి ఆరుసార్లు ఏడ్చినా లెక్క ఏడుపు వైపే తేలుతుంది. మనిషి బుర్ర గెలిచిన సార్లని లెక్కపెడుతుంది. గెలిచిన డాలర్లని లెక్కపెట్టదు.

ఇంకొంచెం తెలిసినవాళ్ళు 'ఆడ్స్' పందెం గురించి చెబుతారు. పాయింట్ వచ్చాక పాస్ లైన్ వెనక అదనంగా కాసే పందెం అది. 4, 10 మీద ఒకటికి రెండు, 5, 9 మీద రెండుకి మూడు, 6, 8 మీద ఐదుకి ఆరు ఇస్తారు. సరిగ్గా న్యాయమైన ధర, కాసినోవాడి వాటా సున్నా. నిజమే, ఇంత నిక్కమైన పందెం కాసినోలో దొరకడం అరుదు. కానీ అది దొరకాలంటే ముందు పాస్ లైన్ మీద కాయాలి, అక్కడ 1.41 ఉంది. ఆడ్స్ దాన్ని ఒక్క పైసా కూడా తగ్గించదు. కాకపోతే ఎక్కువ డబ్బు బల్ల మీదికి తెస్తుంది, ఒడిదుడుకులు పెంచుతుంది. ఇక బల్ల మధ్యలో ఉండే రంగురంగుల పందేల సంగతి చెప్పనే అక్కర్లేదు. తర్వాత విసిరేది 7 అని కాసే పందేనికి న్యాయంగా ఐదింతలు ఇవ్వాలి, ఇచ్చేది నాలుగింతలు. నూటికి 16.67 వాడికే. ఇలాంటివాటిని "ఇన్సూరెన్స్" పేరుతో కలిపి కాసేవాళ్ళు కూడా ఉంటారు. మైనస్‌కి మైనస్ కూడితే ప్లస్ అవుతుందని ఎవరు చెప్పారో మరి. గుణిస్తే అవుతుంది గానీ కూడితే కాదు :)

పాచికలు అలవోకగా విసిరే నేర్పు ఉంటే 7 పడకుండా చూసుకోవచ్చనే బృందం ఇంకొకటి. డైస్ కంట్రోల్ అంటారు. పాచికలు అవతలి గోడకి తగిలి తిరిగి రావాలని నియమం, ఆ గోడ మీద చిన్న చిన్న పిరమిడ్‌ల లాంటి రబ్బరు బొడిపెలు. బ్లాక్‌జాక్ పుస్తకాలతో పేరు తెచ్చుకున్న స్టాన్‌ఫర్డ్ వాంగ్ దీని మీద పందెం కాసి 500 సార్లు విసిరించి చూశాడు. మామూలుగా 83 ఏడులు పడాలి, 74 పడ్డాయి. పందెం గెలిచాడు. గెలిచాడు గానీ, ఏ నేర్పూ లేనివాళ్ళు 500 సార్లు విసిరినా ఏడుగురిలో ఒకరికి 74 గానీ అంతకంటే తక్కువ గానీ పడతాయి. దాన్ని రుజువు అనుకుంటే మన టెస్టింగ్ టీమ్ కూడా ఒప్పుకోదు.

సరే, మరి పెద్ద పెద్ద గెలుపుల సంగతేంటి అంటారా. అవి అబద్ధాలా? కావు. 2009 మే 23న అట్లాంటిక్ సిటీలోని బోర్గాటాలో ప్యాట్రీషియా డిమారో అనే ఆవిడ పాచికలు పట్టుకుంటే, 4 గంటల 18 నిమిషాల పాటు, 154 సార్లు విసిరేదాకా ఓడలేదు. మామూలు షూటర్ సగటున ఎనిమిదీ తొమ్మిది సార్లలో అవుటైపోతాడు. తర్వాత ఈథియర్, హాపీ అనే ఇద్దరు గణితజ్ఞులు లెక్కకడితే అలా జరిగే అవకాశం 560 కోట్లలో ఒకటని తేలింది. విచిత్రమేంటంటే ఆవిడకి ఈ ఆట దాదాపు కొత్త. స్ట్రాటజీ, డైస్ కంట్రోల్ ఏమీ లేవు. ప్రపంచంలో ఇన్ని బల్లల మీద, ఇన్నేళ్ళుగా, రాత్రీ పగలూ పాచికలు పడుతుంటే, ఎక్కడో ఎవరికో ఒకరికి ఇలాంటిది జరగడం వింత కాదు. ఆ ఒకరు నేనే అవుతానని బయల్దేరడమే వింత.

ఆవిడ కంటే ముందు రికార్డు స్టాన్లీ ఫుజిటాకేది. 1989 మే 28న లాస్ వేగాస్ డౌన్‌టౌన్‌లోని కాలిఫోర్నియా హోటల్లో 118 సార్లు, 3 గంటల 6 నిమిషాలు. ఆ రాత్రి కాసినో ఏడున్నర లక్షల డాలర్ల దాకా పోగొట్టుకుందని చెబుతారు. అప్పుడు కాసినోవాళ్ళు ఏం చేశారు? ఆయన్ని తిట్టుకున్నారా? లేదు. ఆయన పేరు మీద 'గోల్డెన్ ఆర్మ్' అని ఒక క్లబ్బు పెట్టారు. గంట పైన పాచికలు నిలబెట్టుకున్నవాళ్ళ పేర్లు గోడకెక్కించారు. ఆలోచించండి. ఓడినవాడు గెలిచినవాడి ఫోటో తన ఇంటి గోడకి తగిలించుకుంటున్నాడంటే, ఆ ఓటమి వాడికి ప్రకటన ఖర్చన్నమాట. ఆ గోడ చూసి ఎంతమంది పాచికలు పట్టుకుని ఉంటారో! వేగాస్ వెళ్ళొచ్చి మనం చెప్పుకునే గెలుపు కథలు కూడా ఆ గోడ మీది పలకల్లాంటివే. మనం జీతం తీసుకోకుండా వాళ్ళ మార్కెటింగ్ చేసిపెడుతున్నాం.

ఆర్చీ కారస్ కథ వినే ఉంటారు. 1992 చివర్లో యాభై డాలర్లతో వేగాస్ చేరాడు. పూల్, పోకర్, క్రాప్స్ ఆడి 4 కోట్ల డాలర్ల దాకా తీసుకెళ్ళాడు. దాన్ని ఇప్పటికీ 'ద రన్' అనే అంటారు. 1995కల్లా మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది. అందులో పెద్ద వాటా పాచికలది, బకరాది. మన కుర్రాళ్ళు ఈ కథ మొదటి సగం చెప్పుకుని ఆపేస్తారు.

నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది విలియం లీ బెర్గ్‌స్ట్రామ్ కథ. 1980లో ఈయన వేగాస్ హార్స్‌షూ కాసినోకి రెండు సూట్‌కేసులతో వచ్చాడు. ఒకదాంట్లో 7,77,000 డాలర్లు, రెండోది ఖాళీ. ఎంత పెద్ద పందెమైనా తీసుకుంటామని ఆ కాసినోకి పేరు. మొత్తం డబ్బు డోన్ట్ పాస్ మీద ఒకే పందెంగా పెట్టాడు. గెలిచాడు. ఖాళీ సూట్‌కేసు కూడా నింపుకుని వెళ్ళిపోయాడు.

లెక్కల ప్రకారం చూస్తే ఆయన చేసింది పిచ్చిపని కాదు. డూబిన్స్, శావేజ్ అనే ఇద్దరు 1965లో వేసిన పుస్తకంలో చూపించింది ఇదే కోవలోది. ఆట మనకి వ్యతిరేకంగా ఉన్నప్పుడు ఒక మొత్తానికి చేరాలంటే చిన్న చిన్న పందేలతో కాలయాపన చేయకుండా, ధైర్యంగా పెద్దది కాయడమే మేలైన దారి. తక్కువసార్లు కాస్తే కాసినోవాడి వాటా తక్కువసార్లే కడతాం. అంటే ఉన్న స్ట్రాటజీలన్నిట్లోకీ సరైన స్ట్రాటజీ ఆయనదే. చవకైన పందెం, ఒక్కసారి, ఆపై ఇంటికి.

కానీ ఆయన తిరిగొచ్చాడు. 1984 మార్చిలో 5,38,000 కాసి మళ్ళీ గెలిచాడు. అదే ఏడు నవంబరులో పది లక్షలు కాశాడు. ఓడిపోయాడు. 1985 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. దానికి డబ్బొక్కటే కారణం అనడం న్యాయం కాదు, ఆయన బతుకులో వేరే బాధలు కూడా ఉన్నాయి. కాకపోతే ఆ కథలో నాకు పట్టుబడింది ఒకటి. సరైన స్ట్రాటజీలో 'ఆపై ఇంటికి' అన్న చివరి లైను ఉంది చూశారా, దాన్ని ఏ ప్రోగ్రాం మనతో ఎగ్జిక్యూట్ చేయించలేదు. గెలిచినవాడికి అది మరీ కష్టం. మనకి తెలీని కథేం కాదులెండి. ధర్మరాజు మొదటి జూదంలో పోగొట్టుకున్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. అంతటి గండం గట్టెక్కాక కూడా మళ్ళీ పిలవగానే వెళ్ళి కూర్చున్నాడు. అరణ్యవాసం వచ్చింది ఆ రెండో ఆటతో.

ఇక మావాడి సంగతి. నా ఎక్సెల్ షీటు పట్టుకుని వెళ్ళినవాడు మొదటి నాలుగు ట్రిప్పుల్లో రెండు వేల మూడొందలు గెలిచాడు. మా అందరికీ బఫేలో భోజనాలు పెట్టించాడు. "నీ ప్రోగ్రాం సూపర్‌రా మావా" అన్నాడు. ఐదో ట్రిప్పులో వరసగా ఏడు పోయాయి. 1270 డాలర్లు. మామూలుగా అయితే ఇంకా లాభంలోనే ఉన్నాడు, లేచి రావాలి. రాలేదు. త్వరగా రాబట్టాలని మొదటి పందెం పది నుంచి పాతికకి పెంచాడు. అలా పెంచితే 25, 50, 100, 200, 400, 800 దగ్గరే గరిష్ఠ పందెం అడ్డొస్తుంది. ఏడు కాదు, ఆరు ఓటములు చాలు. 116లో ఒకటి కాస్తా 59లో ఒకటైంది. అవీ వచ్చాయి. ఆ తర్వాత మాకు చెప్పకుండా ఒక్కడే వెళ్ళడం మొదలెట్టాడు. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీశాడు. 2008 చివర్లో ప్రాజెక్టు పోయేనాటికి వాడి అప్పు ఇరవై మూడు వేల డాలర్లు.

మాకు తెలిసింది ఎలాగంటే, వాళ్ళమ్మగారు ఇండియా నుంచి నాకు ఫోన్ చేశారు. "నాయనా, మావాడు నాలుగు నెలల నుంచీ డబ్బు పంపట్లేదు, బ్యాంకువాళ్ళు ఇంటికొస్తున్నారు. అక్కడ వాడికి ఒంట్లో బానే ఉందా?" అన్నారు. వాడి చదువు కోసం గుంటూరు జిల్లాలో ఉన్న మూడెకరాలు బ్యాంకులో తాకట్టు పెట్టారు. నేను "బానే ఉన్నాడమ్మా, ప్రాజెక్టు మారుతున్నాడు, అందుకే కాస్త టైట్‌గా ఉంది" అని అబద్ధం చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ పచ్చరంగు 60 శాతం కళ్ళముందు కనపడింది. పదిలో నాలుగు అంటే ఏంటో అప్పుడు అర్థమైంది. ఆ నాలుగుకీ ఒక ఊరుంటుంది, ఇల్లుంటుంది, ఫోన్ చేసే అమ్మ ఉంటుంది.

ఒక ఎకరం అమ్మారు. మిగతా రెండూ నిలబడ్డాయి. వాడు ఆ ఊరు వదిలి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చూసుకుని నాలుగేళ్ళలో అప్పు తీర్చేశాడు. ఇవాళ బానే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఇది రాస్తానని అడిగితే "పేరు పెట్టకుండా రాయి. ఒక్కటి మాత్రం చెప్పు, నేను పోగొట్టుకున్న రాత్రులు కాదు నన్ను ముంచింది, ఆ మొదటి నాలుగు ట్రిప్పులూ" అన్నాడు.

ఇదంతా కాసినో గొడవ, మనకెందుకులే అనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఆప్షన్స్ అమ్ముకుంటూ "నెలనెలా జీతంలా వస్తోంది" అనే కొలీగ్ మీ ఆఫీసులో ఒక్కడైనా ఉండే ఉంటాడు. పది నెలలు కాస్త కాస్త వచ్చి పదకొండో నెల అంతా పోయే ఆకారం అదీ ఇదీ ఒకటే. మన దేశంలో ఎఫ్ అండ్ ఓ ఆడిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకూ మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. మిగిలిన ఏడుగురి కథలే మనకి లంచ్ టేబుల్ దగ్గర వినపడేది.

వేగాస్ వెళ్ళొద్దని నేననను. వెళ్ళండి, ఆ సందడి చూడాల్సిందే. సినిమాకి డబ్బు పెట్టినట్టు ఒక మొత్తం అనుకోండి, అది తిరిగి రాదనుకోండి. కార్డు రూములో వదిలెయ్యండి. పాస్ లైన్ మీద ఒకే మొత్తం కాయండి, పోయిందని పెంచకండి. అది మిమ్మల్ని గెలిపించదు. తక్కువ ఖర్చుతో ఎక్కువసేపు నిలబెడుతుంది, అంతే. తిరిగొచ్చాక కథ చెప్పేటప్పుడు పోయింది కూడా చెప్పండి. ఎంతో అంకెతో సహా. వినే కుర్రాడికి అది ఏ స్ట్రాటజీ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆ పార్టీలో కుర్రాళ్ళిద్దరికీ ఇదంతా చెప్పాను. మొత్తం విని, అందులో ఒకడు "అయితే అన్నా, ఆ లెక్కన అరవై శాతం సాయంత్రాలు గెలిచినట్టేగా?" అన్నాడు.

నా పాత హార్డ్ డిస్కులో ఆ షీటు ఇంకా ఉంది. ఇంటికొచ్చి వెతికి తీశాను. 60 శాతం ఉన్న గడికి పచ్చరంగు తీసేశాను. పై వరసలో, అందరికంటే ముందు కనపడేట్టు, 2007లో నేను పెట్టని ఆ కాలమ్ పెట్టాను. స్ట్రాటజీ లేకుండా సాయంత్రానికి మైనస్ 17. స్ట్రాటజీతో మైనస్ 61. ఆ రాత్రే వాళ్ళిద్దరికీ పంపాను.